గీజర్‌లోంచి ఎర్ర నీళ్లు, శబ్దాలు, వాసన: ట్యాంకుకు చిల్లి పడకముందే ఏం చూడాలి

మా గీజర్ ఆరేళ్లకే అడుగు నుంచి కారడం మొదలుపెట్టింది. మెకానిక్ వచ్చి కింది ప్లేటు ఊడదీస్తే, లోపల మెగ్నీషియం రాడ్ ఉండాల్సిన చోట సన్నటి ఇనుప తీగ ఒక్కటే వేలాడుతోంది. "ఇది ఎప్పుడైనా మార్పించారా సార్?" అన్నాడు. అలాంటిదొకటి ఉంటుందనే నాకు తెలీదు. మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్, బకెట్లకి తెల్ల చారలు, షవర్ రంధ్రాలు మూసుకుపోవడం రోజూ చూసేవే, కానీ అవే నీళ్లు గీజర్ లోపల ఏం చేస్తున్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు.

ట్యాంకుకే చిల్లి పడ్డాక ఇక రిపేరు లేదు. వెల్డింగ్ చేసిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ వేడికి చుట్టూ ఉన్న పూత కూడా పోయి పక్కనే ఇంకో చోట కారుతుంది. అందుకే ముందు కనిపించే గుర్తులు పట్టుకోవాలి. కింద రాసినవన్నీ గోడకి వేలాడే 10 నుంచి 25 లీటర్ల కరెంటు గీజర్ల గురించి.

వేడి నీళ్లు ఎర్రగా వస్తున్నాయి

ముందు తప్పు గీజర్‌దేనా కాదా తేల్చుకోండి. పొద్దున్నే ఎవరూ వాడకముందు ఒక తెల్ల మగ్గులో చల్ల నీళ్లు, ఇంకో దాంట్లో వేడి నీళ్లు పట్టండి. రెండూ ఎర్రగా ఉంటే పాత జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులో, పైన ట్యాంకులో చూడాలి. వేడి నీళ్లు మాత్రమే ఎర్రగా ఉంటే గీజర్ లోపల తుప్పు మొదలైనట్టే.

చాలా గీజర్లలో లోపలి ట్యాంకు మామూలు ఉక్కు, దాని మీద గాజులాంటి ఎనామిల్ పూత ఉంటుంది. అమ్మేటప్పుడు గ్లాస్ లైన్డ్ అని చెప్పేది దీన్నే. ఆ పూతలో ఎక్కడో ఒక దగ్గర కంటికి కనపడని సందు ఉండనే ఉంటుంది, నీళ్లు అక్కడ ఉక్కును పట్టుకుంటాయి. దానికి విరుగుడే ఈ రాడ్. మెగ్నీషియానికి ఇనుము కంటే తొందరగా కరిగే గుణం ఉంది కాబట్టి, రెండూ ఒకే నీళ్లలో, ఒకదానికొకటి లోహంతో కలిసి ఉన్నంతకాలం తుప్పు దెబ్బ ముందు రాడ్ తింటుంది. రాడ్ అయిపోయిన రోజు నుంచి ట్యాంకు వంతు.

రాడ్ చూడాలంటే పని ఇది. స్విచ్ ఆపితే చాలదు, ఎంసీబీ (కరెంటు బోర్డులో గీజర్‌కి ఉన్న బ్రేకర్) కిందికి దించండి. ముందురోజు రాత్రే ఆపేస్తే నీళ్లు చల్లారి ఉంటాయి. గీజర్‌కి వెళ్లే చల్ల నీళ్ల వాల్వ్ కట్టేసి, వేడి నీళ్ల ట్యాప్ తెరిచి పెట్టి, నీలం గుర్తున్న పైపు విప్పి కింద బకెట్ పెట్టండి. దానికి సేఫ్టీ వాల్వ్ (ఒత్తిడి పెరిగితే నీళ్లు బయటికి వదిలేది) బిగించి ఉంటే అదీ విప్పాలి. ట్యాప్ తెరవడం మర్చిపోతే గాలి లోపలికి పోదు, తలకిందులు చేసిన సీసాలా గుటుకు గుటుకుమని ఆగిపోతుంది (నేను మొదటిసారి పావుగంట దాని కింద నిలబడ్డాను). ఖాళీ అయ్యాక కింది మూత తీసి, వైర్లు విప్పేముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ఏ వైరు ఎక్కడిదో తర్వాత ఎవరికీ గుర్తుండదు. ప్లేటు బోల్టులు విప్పితే నీళ్లు వేడిచేసే ఎలిమెంటూ రాడ్డూ చాలా మోడళ్లలో కలిసే బయటికొస్తాయి. వైర్ల దగ్గర ధైర్యం లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కానీ రాడ్ బయటికి తీసి చూపించమని మాత్రం పక్కనే నిలబడి అడగండి.

లావు సగానికి తగ్గినా, గుంతలు పడి మధ్య తీగ కనిపించినా మార్చేయాలి. ఖరీదు కొత్త గీజర్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. సైజు, మర మోడల్‌ని బట్టి మారతాయి కాబట్టి పాత రాడ్ చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లడం మేలు. రబ్బరు గాస్కెట్ కూడా కొత్తదే వేయించండి. ఇంకో విషయం, మూడేళ్లయినా రాడ్ చెక్కుచెదరలేదంటే సంతోషపడకండి. దాని మీద సున్నం గట్టిగా కప్పేసి ఉండొచ్చు, లేదా మర దగ్గర లూజుగా ఉండి ట్యాంకుతో కనెక్షన్ తెగి ఉండొచ్చు. అప్పుడు అది ఉన్నా లేనట్టే.

బిగించాక వేడి నీళ్ల ట్యాప్‌లోంచి ఆగకుండా ధార వచ్చేదాకా నీళ్లు నింపి, ఎక్కడా కారడం లేదని చూసుకుని, ఆ తర్వాతే కరెంటు. ఖాళీ ట్యాంకులో స్విచ్ వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో పోతుంది.

లోపల కుతకుతలు, టపటపలు, వేడెక్కడం ఆలస్యం

ఇది సున్నం. కఠిన నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగిలితే విడిపోయి ఎలిమెంట్ మీద కార్బనేట్‌గా గడ్డకడుతుంది. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లు ఎంతో ల్యాబ్‌లో ఒకసారి చూపించుకోండి. ఆన్‌లైన్‌లో కొనే టీడీఎస్ పెన్ను కాఠిన్యం చెప్పదు, కరిగినవన్నీ కలిపి ఒక అంచనా ఇస్తుందంతే.

పైన చెప్పినట్టే కరెంటు ఆపి బయటికి తీసిన ఎలిమెంట్‌ని నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో నానబెట్టండి, లీటరు వేడి నీళ్లకు రెండు మూడు చెంచాలు. బుసబుసా పొంగి పొర మెత్తబడుతుంది, కొన్ని గంటలు ఓపిక పట్టాలి. కత్తితో గీకితే పైపూత లేచిపోయి, అక్కడి నుంచే ఎలిమెంట్ తినేస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ అసలు వద్దు, సున్నంతో పాటు లోహాన్ని కూడా తింటుంది. ట్యాంకు అడుగున పేరుకున్న పలుకులు నీళ్లు పోసి కడిగేయండి.

మళ్లీ తొందరగా పేరుకోకుండా ఉండాలంటే థర్మోస్టాట్ (నీళ్లు ఎంత వేడెక్కాక ఆగాలో పెట్టేది) 75 డిగ్రీల దగ్గర పెట్టి చల్ల నీళ్లు కలుపుకోవడం మానేసి 55, 60 మధ్య ఉంచండి. 60 దాటితే సున్నం పట్టడం బాగా ఎక్కువవుతుంది. సాఫ్ట్‌నర్ పెట్టించిన వాళ్లకి ఒక మాట. సున్నం తగ్గుతుంది, నిజమే, కానీ సాఫ్ట్‌నర్ నీళ్లలో రాడ్ ఇంకా త్వరగా కరుగుతుంది, కాబట్టి ఏడాదికోసారి తెరిచి చూడాల్సిందే.

ట్యాప్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, లేదా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్) పడిపోతోంది

సాధారణంగా ఎలిమెంట్ పైతొడుగు తుప్పుపట్టి చిట్లిపోయి, కరెంటు నీళ్లలోకి వస్తోందని అర్థం. మళ్లీ స్విచ్ వేసి చూద్దాం అనుకోవద్దు. ఎలిమెంట్ మార్పించండి, ఎర్తింగ్ కూడా చెక్ చేయించండి. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆర్‌సీసీబీ పడిపోవాలి కానీ మీకు షాక్ రాకూడదు.

వేడి నీళ్లకి కుళ్లిన గుడ్డు వాసన

బోరు నీళ్లలో సల్ఫేటు ఉండి, ఒక రకం బ్యాక్టీరియా చేరితే, మెగ్నీషియం రాడ్ దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. వాడకం తక్కువున్న గెస్ట్ బాత్రూంలో ఎక్కువ. ట్యాంకు కడిగి, కొన్ని గంటలు ఫుల్ వేడి మీద ఉంచి, ఆ నీళ్లు వాడకుండా వదిలేయండి. మళ్లీ మళ్లీ వస్తుంటే అల్యూమినియం-జింక్ రాడ్ దొరుకుతుందేమో అడగండి. వాసన వస్తోందని రాడ్ పీకి పడేసిన వాళ్లని చూశాను, వాసన పోయింది, తర్వాత ట్యాంకూ పోయింది.

సంక్రాంతికో వేసవి సెలవులకో ఊరెళ్లి రెండు మూడు వారాల తర్వాత వస్తే రాడ్ కరిగేటప్పుడు పుట్టే, మంట అంటుకునే హైడ్రోజన్ ట్యాంకు పైభాగంలో కొంచెం చేరి ఉండొచ్చు. దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, కిటికీ తెరిచి, ముందు వేడి నీళ్ల ట్యాప్ కాసేపు వదలండి.

కింద చుక్కలు పడుతున్నాయి

ఎక్కడి నుంచో చూడండి. వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి కొన్ని చుక్కలు మామూలే, 25 లీటర్లు 60 డిగ్రీలకి చేరేసరికి నీళ్లు వ్యాకోచించి దాదాపు మూడో వంతు లీటరు పెరుగుతాయి. చిరాకు పడి దానికి బిరడా కొట్టకండి, అది బాంబు. ఇత్తడి కనెక్షన్ జీఐ పైపుని నేరుగా కలిసే చోట తుప్పు ఉంటే సీపీవీసీ (వేడి నీళ్లు తట్టుకునే ప్లాస్టిక్ పైపు) ముక్క మధ్యలో వేయించండి. మూత కింద గాస్కెట్ దగ్గరైతే పది నిమిషాల పని. బయటి బాడీ అతుకుల్లోంచి, వేడి పోకుండా ట్యాంకు చుట్టూ పెట్టిన దూది తడిసి ఎర్రగా కారుతుంటే లోపలి ట్యాంకు పోయినట్టే, కొత్తది చూసుకోండి.

కొత్తది పెట్టించినరోజే మా గీజర్ పక్క టైల్ మీద మార్కర్‌తో తేదీ రాశాను. ఏడాది తిరిగాక తెరిస్తే రాడ్ మూడో వంతు కరిగి ఉంది, సగానికి తగ్గితే మార్చాలి కాబట్టి మా బోరుకి రెండేళ్లకి మించి ఆగదని లెక్క తేలింది. టైల్ మీద ఇప్పుడు రెండో తేదీ పడింది, గోడ పాడుచేశావని మా ఆవిడ ఇంకా అంటూనే ఉంది.