టీజర్‌లో క్షణం కనిపించిన రాకాసి ఎత్తు లెక్కగట్టడం ఎలా?

2012 జులైలో అమెరికాలో జరిగే కామిక్స్, సినిమాల అభిమానుల వేడుక శాన్ డియాగో కామిక్-కాన్‌లో చూపిన ‘గాడ్జిల్లా’ సినిమా తొలి టీజర్‌లో, శిథిలాల నడుమ చచ్చిపడి ఉన్న పేరులేని రాకాసి ఒకటి కాసేపు కనిపిస్తుంది. 2014లో వచ్చిన సినిమాలో అది లేదు. ఇలాంటి జీవి గురించి టీజర్‌ను మించిన ఆధారం దొరకదు కాబట్టి, ఫ్రేములు జాగ్రత్తగా తీయాలి.

హాల్లో ఫోన్‌తో తీసిన వీడియో పనికిరాదు. అధికారిక వీడియోను ఉన్నవాటిలో పెద్ద రిజల్యూషన్‌లో పెట్టండి. కంప్యూటర్‌లో యూట్యూబ్ ఆపి చుక్క మీట నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకు, కామా నొక్కితే వెనక్కి వెళ్తుంది. సినిమాకు మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు; అర సెకను మెరిసినా 12 దొరుకుతాయి. అన్నిటినీ వివరం పోకుండా దాచే పీఎన్‌జీ బొమ్మలుగా దాచండి. జేపెగ్ చేస్తే ఉన్న వివరం ఇంకా చెడుతుంది.

చీకటి భాగాలను కొద్దిగానే వెలిగించండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మరీ పెంచితే వీడియో కుదింపులో పుట్టిన గళ్లు పొలుసుల్లా, కళ్లలా కనిపిస్తాయి. కొమ్మో, కాలో అనిపించింది వరుసగా మూడు ఫ్రేముల్లో ఉండి, ఒంటితోపాటు కదిలితేనే నమ్మండి. కుదింపు మచ్చ ఫ్రేము ఫ్రేముకూ రూపు మారుస్తుంది.

ఇక కొలత. రాకాసి పాదాల పక్కనే ఉన్న భవనం ఎంచుకోండి. అంతస్తుకు సుమారు 3.3 మీటర్ల చొప్పున పది అంతస్తులంటే 33 మీటర్లు. తెరపై భవనం 220 పిక్సెళ్లు, రాకాసి 640 అయితే: 33 × 640 ÷ 220 = 96 మీటర్లు. భవనమే రాకాసిని కప్పుతోందా? పొగమంచులో రాకాసి ఇంకా పాలిపోయి ఉందా? అయితే అది వెనకాల, దూరంగా ఉంది. అప్పుడు ‘కనీసం 96’ అని రాయాలి. కెమెరా పైకి చూస్తూ భవనాల గీతలు లోపలికి వాలితే ఆ ఫ్రేమ్ వదిలేయండి. పైభాగం కుంచించుకుపోయి ఎత్తు తక్కువగా వస్తుంది.

సరిచూసుకోవడానికి రాకాసి పక్కన రాలే పెళ్లలు అక్కరకొస్తాయి. నిశ్చలంగా ఉండి ఊడిన పెళ్ల 36 ఫ్రేములు పడితే 1.5 సెకన్లు. పడిన దూరం 4.9 (గురుత్వ త్వరణం 9.8లో సగం) × సెకన్లు × సెకన్లు; అంటే 4.9 × 1.5 × 1.5 = దాదాపు 11 మీటర్లు. ఆ దూరం తెరపై ఎన్ని పిక్సెళ్లో చూస్తే కొలబద్ద దొరికినట్టే. స్లో మోషన్ షాట్‌లో మాత్రం ఈ లెక్క చెల్లదు.

చివరి అంకె పక్కన ఫ్రేమ్ సమయం, ఎంచుకున్న భవనం, అంతస్తు ఎత్తు రాసి ఉంచండి. కొత్త ట్రైలర్ వచ్చినప్పుడు వేరేవాళ్లు అదే కొలతను మళ్లీ తీసి చూడగలుగుతారు.