ఉద్యోగం రాకముందే ఫండ్‌రైజింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఎలా?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ పూర్తిచేసి, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగ ప్రకటనలు చూస్తున్నవాళ్లు ఒక లైను దగ్గర ఆగిపోతుంటారు: ‘రైజర్స్ ఎడ్జ్ లేదా సేల్స్‌ఫోర్స్ తెలిసినవారికి ప్రాధాన్యం’. ఈ రెండూ దాతల వివరాలు, విరాళాల లెక్కలు ఒకచోట పెట్టుకునే సాఫ్ట్‌వేర్లు. ఉద్యోగం ఉంటేగానీ ఆ సాఫ్ట్‌వేర్ చేతికి రాదు, అది చేతికొస్తేగానీ ఉద్యోగం రాదు. అక్కడే టెన్షన్ మొదలై, చాలామంది ముందు కోర్సు ఫీజు ఎంతో కనుక్కుంటారు. నా మట్టుకు నేను ఆ పని చివరికి పెడతాను. దాత ఇచ్చిన డబ్బు రసీదు దాకా, ఆదాయపు పన్ను శాఖ దాకా ఏ దారిలో వెళ్తుందో తెలిసినవాళ్లకు కొత్త సాఫ్ట్‌వేర్ అలవాటు కావడం పెద్ద పని కాదు. ఆ దారి తెలియనివాళ్లు బటన్లన్నీ నేర్చుకున్నా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

1. ముందు విరాళం నడిచే దారి

మన పెళ్లిళ్లలో కట్నాలు రాసే పుస్తకం ఉంటుంది కదా. పేరు, ఊరు, ఎంత, ఎవరి తరఫు అని రాస్తారు. రేపు వాళ్లింట్లో శుభకార్యం అయితే ఆ పుస్తకం తీసి చూసుకుంటారు. దాతల డేటాబేస్ కూడా దాదాపు అదే పని చేస్తుంది. తేడా ఏమిటంటే దీనికి చట్టం లెక్కలు కూడా తోడవుతాయి. వాటిలో కనీసం ఇవి తెలిసి ఉండాలి.

పాత ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షన్ కింద గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళం మీద దాతకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. కానీ 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే దొరకదు. బియ్యం, దుప్పట్లు లాంటి వస్తువులుగా ఇచ్చినా దొరకదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న జీతగాళ్లకు కూడా ఈ మినహాయింపు వర్తించదు. ‘నాకెందుకు రాలేదు?’ అని దాత ఫోన్ చేస్తే జవాబు చెప్పాల్సింది మీరే. సంస్థ ఏడాదిలో వచ్చిన విరాళాల వివరాలను 10బిడి అనే ఫారంలో, ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపు దాఖలు చేయాలి. అందులో దాత పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్ లాంటి గుర్తింపు సంఖ్య, డబ్బు ఏ రూపంలో వచ్చింది, ఏ రకం విరాళం అన్నవి ఉంటాయి. అది దాఖలయ్యాకే దాతకు 10బిఇ సర్టిఫికెట్ వస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లేముందు ఫారాల పేర్లు ఒకసారి పోర్టల్‌లో చూసుకోండి.

ఇంకోటి, మన జిల్లాల నుంచి వెళ్లే అభ్యర్థులకు బాగా పనికొచ్చేది. అమెరికాలో ఉన్న మన ఊరి అబ్బాయి 10,000 పంపాడనుకోండి. అది విదేశీ విరాళమా, స్వదేశీ విరాళమా? అతని దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదన మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) మీద ఉంటే మాత్రం అది విదేశీ విరాళమే. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి, అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. అంటే దాత రికార్డులో ‘ఎక్కడ ఉంటున్నారు’ అన్న గడి ఒక్కటే సరిపోదు, ‘ఏ దేశ పౌరులు’ అన్న గడి కూడా కావాలి. ఈ మాట ఇంటర్వ్యూలో మీ అంతట మీరే చెబితే ఎదుటివాళ్లు తలెత్తి చూస్తారు.

దానం లెక్క సరిగా నిలవకపోతే ఏమవుతుందో మనవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1951 ఏప్రిల్ 18న అప్పటి నల్గొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. భూదాన భూముల మీద తగాదాలు మన రాష్ట్రంలో ఇప్పటికీ కోర్టుల్లో నడుస్తూనే ఉన్నాయి.

2. ఎక్సెల్‌లో మురికి డేటా తయారుచేసి, మీరే కడగండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. ఉద్యోగంలో చేరాక సగం రోజు గడిచేదీ ఇందులోనే. 200 మంది ఊహా దాతలతో ఒక షీటు తయారుచేసుకోండి. కావాలనే తప్పులు పెట్టండి. తప్పులు ఎలా ఉండాలంటే నిజంగా మన దగ్గర వచ్చేలాంటివి.

ముందు పేర్లు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. అమెరికా సాఫ్ట్‌వేర్లు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు అడుగుతాయి. ఒకే లక్ష్మయ్య గారు ఒకసారి ఇంటిపేరు ముందు, ఇంకోసారి వెనక, మరోసారి ఒక్క అక్షరంతో వస్తారు. ఇంగ్లీషు స్పెల్లింగ్ ‘ఎక్స్’తో ఒకటి, ‘కేఎస్’తో ఒకటి. సాఫ్ట్‌వేర్ దృష్టిలో వీళ్లు నలుగురు. ఉత్తరం పంపేటప్పుడు ‘ప్రియమైన కంచర్ల గారికి’ అని ఇంటిపేరుతో పోతే దాతకు నవ్వొస్తుంది, లేదా కోపమొస్తుంది. ఫోన్ నంబరు, పాన్ రెండూ కలిసిన చోట ఒకే మనిషి అనుకోవాలి. ఫోన్ ఒక్కటే కలిస్తే తొందరపడొద్దు, మన ఇళ్లలో ఒకే నంబరు తండ్రి పేరు మీదా కొడుకు పేరు మీదా ఇస్తారు.

తర్వాత చిరునామాలు. 2016 అక్టోబర్ 11న పాత నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట వచ్చింది. పదేళ్ల కిందటి దాత రికార్డులో కోదాడ నల్గొండ జిల్లాలోనే ఉంటుంది. ‘సూర్యాపేట జిల్లా దాతలు’ అని జాబితా తీస్తే ఆయన కనిపించరు. అందుకే పిన్‌కోడ్‌ను నమ్ముకోండి, జిల్లాను దాన్నిబట్టి దిద్దండి. పాలమూరు అని ఒకరు, మహబూబ్‌నగర్ అని ఒకరు రాసినవన్నీ ఒక్క రూపంలోకి తేవాలి.

తేదీలు కూడా. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికా పద్ధతిలో మే 6. ఆర్థిక సంవత్సరం మొదట్లో ఈ ఒక్క పొరపాటుతో విరాళం వేరే ఏడాదిలో పడిపోవచ్చు. ఆధార్ సంఖ్య ఎక్సెల్‌లో మామూలుగా టైప్ చేస్తే 12 అంకెలూ కనిపించకుండా ముడుచుకుపోతుంది, ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చాలి. ట్రిమ్, ప్రాపర్, ఎక్స్‌లుకప్ అనే ఎక్సెల్ ఫార్ములాలు, డూప్లికేట్లు తీసేయడం, పివట్ టేబుల్ మీద చేయి తిరిగితే ఈ మెట్టు పూర్తయినట్టే.

3. డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ ముట్టుకునే మార్గాలు

సివిసీఆర్‌ఎం అనేది స్వచ్ఛంద సంస్థల కోసమే తయారైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా ఉచితంగా దింపుకుని వాడుకోవచ్చు. దాని సైట్‌లో డెమో ఉంటుంది, ఎవరైనా లోపలికెళ్లి చూడొచ్చు. ఆ డెమోలో పెట్టినవి తుడిచిపెట్టుకుపోతాయి, ఎవరైనా చూడొచ్చు కూడా. అందుకని నిజమైన మనుషుల వివరాలు అందులో పెట్టొద్దు. కాస్త ఓపికుంటే మీ ల్యాప్‌టాప్‌లోనే వర్డ్‌ప్రెస్ పెట్టుకుని, దాని మీద సివిసీఆర్‌ఎం ఎక్కించుకోండి. మొదలుపెట్టడానికి నేను దీన్నే చెబుతాను, ఎందుకంటే దీంట్లో విరాళం, ప్రచారం, సభ్యత్వం మొదటి నుంచే ఉంటాయి.

సేల్స్‌ఫోర్స్‌కు ట్రెయిల్‌హెడ్ అనే ఉచిత శిక్షణ సైట్ ఉంది. అందులో స్వచ్ఛంద సంస్థలకు సంబంధించిన పాఠాలు వెతికి చేయండి. సాధనకు ప్లేగ్రౌండ్ అనే ప్రాక్టీసు ఖాతా కూడా ఉచితంగానే ఇస్తారు. పాఠాలు ఫోన్‌లో చదవొచ్చుగానీ సాధనకు మాత్రం కంప్యూటర్ ఉండాల్సిందే. అమీర్‌పేటలో సేల్స్‌ఫోర్స్ నేర్పే ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి. ఐటీ కంపెనీ ఉద్యోగానికి అవి సరే. దాతల పని కోసమైతే ముందు డెమో క్లాసుకు వెళ్లి, విరాళాల ఉదాహరణలు చెబుతున్నారా, అమ్మకాల ఉదాహరణలేనా అని చూసుకుని డబ్బు కట్టండి. డాలర్లలో ఫీజుండే అడ్మినిస్ట్రేటర్ పరీక్ష మొదటి ఉద్యోగానికి అవసరం లేదని నా అభిప్రాయం. జోహో సీఆర్‌ఎంకు ముగ్గురి దాకా ఉచితంగా వాడుకునే ఎడిషన్ ఉంది, దాన్నీ ఒకసారి తిరగేయండి.

రైజర్స్ ఎడ్జ్ బ్లాక్‌బాడ్ కంపెనీది. ఇంట్లో కూర్చుని ఉచితంగా సాధన చేసే వీలు దాదాపు లేదు. వీడియోలు, సహాయ పేజీలు చూసి దాని పద్ధతి పట్టుకోవాలి. రైజర్స్ ఎడ్జ్‌లో దాతను ‘కాన్‌స్టిట్యుయెంట్’ అంటారు, విరాళాన్ని ‘గిఫ్ట్’ అంటారు. సివిసీఆర్‌ఎంలో అవే ‘కాంటాక్ట్’, ‘కాంట్రిబ్యూషన్’. సేల్స్‌ఫోర్స్ పాత నాన్‌ప్రాఫిట్ ప్యాకేజీలో విరాళం ‘ఆపర్చునిటీ’ కింద ఉంటుంది. రైజర్స్ ఎడ్జ్‌లో ప్రతి విరాళాన్నీ క్యాంపెయిన్, ఫండ్, అప్పీల్ అనే మూడింటితో ముడిపెడతారు: ఏ పెద్ద లక్ష్యం కోసం, ఏ ఖాతాలోకి, ఏ విన్నపానికి స్పందించి వచ్చింది అని. ఈ మూడింటి తేడా ఉదాహరణతో చెప్పగలిగితే సగం గండం గడిచినట్టే.

4. ఈ పనులు చేసి, స్క్రీన్‌షాట్లు దాచుకోండి

మీరు కడిగిన ఎక్సెల్ షీటును సివిసీఆర్‌ఎంలోకి ఇంపోర్ట్ చేయండి. మొదటిసారి సగం లైన్లు తిరస్కరిస్తుంది, ఎందుకో చూసి దిద్దడమే అసలు చదువు. ఇద్దరు లక్ష్మయ్యలను ఒకటిగా కలపండి. ఏడాదికి 12,000 ఇస్తానని మాటిచ్చి నెలకు 1,000 చొప్పున కట్టే దాతను నమోదు చేసి, రెండు నెలలు డబ్బు రానట్టు పెట్టండి. మాటిచ్చిన మొత్తం, చేతికొచ్చిన మొత్తం వేరువేరుగా కనిపించాలి. బడి మరుగుదొడ్లకే వాడమని ఇచ్చిన విరాళాన్ని విడి ఫండ్‌లో పెట్టండి. చివరగా పోయినేడు ఇచ్చి ఈ ఏడు ఇవ్వనివాళ్ల జాబితా తీయండి. ఫండ్‌రైజింగ్‌లో దీన్ని ‘లైబంట్’ రిపోర్ట్ అంటారు, మేనేజర్లు తరచూ అడిగే రిపోర్టుల్లో ఇదొకటి.

5. ఊళ్లోనే నిజమైన పని పట్టుకోండి

జిల్లా పరిషత్ హైస్కూల్ పూర్వ విద్యార్థుల సంఘం, అన్నదాన ట్రస్టు, మండలంలోని చిన్న స్వచ్ఛంద సంస్థ, ఏదైనా సరే. చాలాచోట్ల లెక్కలు రసీదు బుక్కుల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లలో చెల్లాచెదురుగా ఉంటాయి. కార్యదర్శి గారి దగ్గరికెళ్లి, ‘సార్, పోయిన రెండేళ్ల విరాళాలు ఒక పద్ధతిలో పెట్టిస్తాను’ అని అడగండి. సాఫ్ట్‌వేర్ పేరు అప్పుడే ఎత్తొద్దు, ఖర్చేమో అని భయపడతారు. అనుమతి కాగితం మీద తీసుకోండి. దాతల పాన్, ఆధార్ వివరాలు మీ సొంత ఫోన్‌లోకి, సొంత మెయిల్‌లోకి ఎక్కించుకోవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అటుంచి, ఈ రంగంలో ఒక్కసారి నమ్మకం పోతే మళ్లీ ఎవరూ పిలవరు.

6. రెజ్యూమె, ఇంటర్వ్యూ

‘సేల్స్‌ఫోర్స్ తెలుసు’ అని రాయకండి. ‘రెండేళ్ల విరాళాల రికార్డులు శుభ్రం చేశాను, డూప్లికేట్లు కలిపాను, 10బిడికి కావాల్సిన వివరాల్లో లోపాలు గుర్తించాను’ అని రాయండి. ‘రైజర్స్ ఎడ్జ్ మీద పనిచేశారా?’ అంటే లేదనే చెప్పి, ఆ వెంటనే సివిసీఆర్‌ఎంలో ఏం చేశారో, అదే పని రైజర్స్ ఎడ్జ్‌లో ఎక్కడ ఉంటుందో చెప్పండి. అబద్ధమాడితే స్క్రీన్ ముందు కూర్చోబెట్టి ఒక గిఫ్ట్ ఎంటర్ చేయమంటారు.

ప్రకటనల్లో ఉద్యోగం పేరు ఒకేలా ఉండదు. డోనర్ డేటా, డోనర్ సర్వీసెస్, ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్), ఫండ్‌రైజింగ్ ఆపరేషన్స్ అన్న మాటలతో వెతకండి. దరఖాస్తులు జనవరి, ఫిబ్రవరిలోనే పంపండి. పన్ను మినహాయింపు కోసం ఇచ్చేవాళ్లు మార్చి నెలాఖరుకు వస్తారు, ఆ తర్వాత మే 31 దాకా 10బిడి పని. ఆ కొన్ని నెలలకు తాత్కాలికంగానైనా మనిషి కావాలని అడిగే సంస్థ దొరికితే, జీతం కాస్త తక్కువైనా వదులుకోవద్దు.