ఎస్‌-1 దాఖలుకు ముందే సర్దుకోవాల్సినవి

అమెరికాలో తొలిసారి జనానికి షేర్లు అమ్మాలనుకునే కంపెనీ ముందుగా వాటిని అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ దగ్గర రిజిస్టర్ చేయాలి. 1933 నాటి సెక్యూరిటీస్ చట్టం పెట్టిన నియమం ఇది. అక్కడి కంపెనీలు మామూలుగా వాడేది ఎస్‌-1 ఫారం. దాన్ని నింపడానికి లాయర్లూ ఆడిటర్లూ ఉంటారు. కానీ అసలు చిక్కులు ఎక్కువగా ఆ ఫారానికి బయటే, నెలల ముందే మొదలవుతాయి. కాబట్టి ఐపీవో (జనానికి తొలిసారి షేర్లు అమ్మడం) మాట బోర్డులో వినబడిన రోజు నుంచే జాగ్రత్త పడండి.

అన్నిటికంటే ముందు నోరు. దాఖలుకు ముందు జనానికి షేర్లు ఆఫర్ చేయకూడదు. ఈ ‘ఆఫర్’ అన్న మాటకు చట్టంలో అర్థం చాలా పెద్దది. ధర చెప్పకపోయినా, షేర్ల ఊసే ఎత్తకపోయినా, కంపెనీ మీద మార్కెట్లో ఆసక్తి రేపే ఇంటర్వ్యూ కూడా అందులోకి రావచ్చు. గూగుల్ వ్యవస్థాపకులు అంతకుముందెప్పుడో ఇచ్చిన ఇంటర్వ్యూ 2004లో సరిగ్గా ఐపీవో వేళకే ప్లేబాయ్ పత్రికలో అచ్చయింది. చివరికి ఆ ఇంటర్వ్యూను రిజిస్ట్రేషన్ పత్రాలకే జతచేయాల్సి వచ్చింది. 2011లో డిస్కౌంట్ కూపన్లు అమ్మే గ్రూపాన్ కంపెనీ సీఈవో ఉద్యోగులకు రాసిన మెమో బయటకు పొక్కింది. అదీ అలాగే పత్రాల్లోకి చేరింది. ‘మనవాళ్లకే కదా’ అని రాసిన మెయిల్ మనవాళ్ల దగ్గరే ఆగుతుందని ఎప్పుడూ అనుకోవద్దు.

అందుకే ఇచ్చేసి ఇంకా అచ్చుకాని ఇంటర్వ్యూలు, ఒప్పుకున్న సభలు, రికార్డయిన పాడ్‌కాస్టులు అన్నీ ఒక జాబితా రాయండి. విలేకరులతో మాట్లాడే పని ఒక్కరికే అప్పగించండి. కస్టమర్ల కోసం ఎప్పటినుంచో ఇస్తున్న మామూలు ప్రకటనలు ఆపక్కర్లేదు. వాటి జోరు ఉన్నట్టుండి పెంచితేనే ప్రశ్నలు వస్తాయి.

తర్వాత చూడాల్సింది పాత షేర్ల లెక్క. దీన్ని చాలామంది చివరిదాకా తెరవరు, నాకు ఎక్కువ భయం ఇక్కడే. ఉద్యోగులకు ఇచ్చే స్టాక్ ఆప్షన్లు, అంటే ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు, కూడా చట్టం దృష్టిలో షేర్లలాంటి సెక్యూరిటీలే. వాటిని రిజిస్టర్ చేయనక్కర్లేకుండా రూల్ 701 మినహాయింపు ఉంది గానీ, 12 నెలల్లో ఇచ్చినవాటి విలువ కోటి డాలర్లు దాటితే ఆ ఉద్యోగులకు కంపెనీ ఆర్థిక వివరాలు ఇవ్వాలి. గూగుల్ 8 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆప్షన్లను రిజిస్టర్ చేయకుండా, ఆ వివరాలూ ఇవ్వకుండా జారీ చేసిందని ఎస్‌ఈసీ 2005 జనవరిలో చర్య తీసుకుంది. ఆప్షన్లు ఇచ్చిన ప్రతిసారీ బోర్డు ఆమోదం, తేదీ, ఆనాటి విలువ మదింపు ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూడండి. ఐపీవోకు ముందు ఏడాదిలో మరీ తక్కువ ధరకు ఇచ్చిన ఆప్షన్ల గురించి ఎస్‌ఈసీ తరచూ అడుగుతుంది.

ఆడిటర్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఆడిటర్లను పర్యవేక్షించే అమెరికా సంస్థ పీసీఏవోబీలో నమోదై ఉండాలి, ఎస్‌ఈసీ నియమాల ప్రకారం స్వతంత్రుడై ఉండాలి. మీ పద్దులు రాసిపెట్టిన సంస్థే వాటిని ఆడిట్ చేసి ఉంటే, వేరే ఆడిటర్‌తో మళ్లీ చేయించాల్సి రావచ్చు. అప్పుడు నెలలు పోతాయి. ఈలోగా ఉన్న లెక్కలూ పాతబడతాయి. మామూలుగా బ్యాలెన్స్ షీటు 134 రోజులు దాటితే కొత్తది కావాలి. మీరు సొంతంగా కల్పించుకున్న కొలమానాలుంటే వాటినీ తిరిగి చూడండి. మార్కెటింగ్ ఖర్చు తీసేసి లాభం చూపే కొలమానాన్ని గ్రూపాన్ ఎస్‌ఈసీ ప్రశ్నల తర్వాత వదులుకుంది.

ఎస్‌-1 ముసాయిదాను మొదట ఎస్‌ఈసీకి గోప్యంగా పంపే వీలుంది. అయితే రోడ్‌షోకు (ఇన్వెస్టర్లను కలిసి షేర్ల గురించి చెప్పే సమావేశాలకు) కనీసం 15 రోజుల ముందు అన్నీ బహిరంగంగా పెట్టాలి. ఎస్‌ఈసీ కామెంట్లూ, మీ జవాబులూ తర్వాత అందరికీ కనిపిస్తాయి కాబట్టి చిరాకులో ఏ జవాబూ రాయకండి.

ఎస్‌ఈసీ చూసింది కదా అని ఎవరూ నిశ్చింతగా సంతకం పెట్టకూడదు. అది షేర్ల మంచిచెడులకు హామీ ఇవ్వదు. పత్రంలో ముఖ్యమైన అబద్ధమో దాపరికమో ఉంటే కంపెనీతో పాటు సంతకం చేసినవాళ్లు, డైరెక్టర్లు కూడా కొన్నవాళ్లకు జవాబుదారులు. ప్రతి అంకెకూ, ‘మేమే మొదటివాళ్లం’ లాంటి ప్రతి మాటకూ ఆధారం ఒక ఫైల్లో పెట్టి, సంతకానికి ముందే డైరెక్టర్లందరి చేతికీ ఇవ్వండి. చదవడానికి వాళ్లకు ఒక రాత్రి కాదు, కనీసం ఒక వారం ఉండాలి.