మోటర్‌హోమ్‌లో పాత టీవీ తీసి కొత్తది బిగించడం ఎలా?

మోటర్‌హోమ్‌లో (ఇల్లులా ఉండటానికి వీలున్న పెద్ద బండిలో) టీవీ మార్చాలనుకోగానే చాలామంది ముందు కొత్త టీవీ కొనేస్తారు. తీరా పాతది ఊడదీశాక కొత్తది ఆ గూట్లో పట్టదు. పట్టినా బిగించడానికి వెనక గట్టి చెక్క ఉండదు. చెక్క దొరికినా ప్లగ్గు అందదు. అందుకే వరస తిరగేయండి. ముందు కొలతలు, ఆపైన కరెంటు లెక్క, తర్వాత పాతది తీసి వెనకేముందో కళ్లారా చూడటం. కొనడం ఆ తర్వాతే.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా డ్రైవరు సీటు పైన అల్మారాలో ఇమిడ్చిన పిక్చర్ ట్యూబు టీవీ గురించి. మొదట్లో వచ్చిన ఫ్లాట్ టీవీ ఉన్నవాళ్లకూ ఇదే పద్ధతి. మోత బరువు ఒక్కటే తగ్గుతుంది.

ముందు, తప్పు టీవీదేనా?

టీవీ డ్రైవరుకు కనిపించే చోట ఉంటే, కొన్ని బండ్లలో దాని కరెంటు లైనుకు ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) పెడతారు. ఇంజను తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ అది టీవీని ఆపేస్తుంది. ఆ రిలే చెడితే తాళం తీసేసినా టీవీ వెలగదు. టీవీయే పోయిందనుకుని మార్చేస్తే కొత్తదీ వెలగదు. కాబట్టి ఆ సాకెట్లో టేబుల్ ల్యాంపో ఫోను ఛార్జరో పెట్టి, తాళం ఆన్ చేసి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి. రిలే పోయిందని తేలితే కొత్త రిలే వేయండి గానీ తీగలు నేరుగా కలిపేయొద్దు. బండి నడుపుతున్నప్పుడు డ్రైవరు కళ్ల ముందు బొమ్మ ఆడటం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, ఎక్కడైనా ప్రమాదమే.

కొలతలు: అంగుళాలను నమ్మొద్దు

పాత టీవీ 27 అంగుళాలది, కాబట్టి 28 అంగుళాల కొత్తది సరిపోతుందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పాత తెరలు 4:3 నిష్పత్తిలో ఉండేవి, ఇప్పటివి 16:9. అంగుళాలు కొలిచేది మూల నుంచి మూలకు. 27 అంగుళాల పాత తెర సుమారు 55 సెం.మీ. వెడల్పు, 41 సెం.మీ. ఎత్తు. 28 అంగుళాల కొత్త తెర 62 సెం.మీ. వెడల్పు, 35 సెం.మీ. ఎత్తు. అంటే ఎత్తులో చోటు మిగిలిపోతుంది, వెడల్పులో పట్టదు. కొత్త తెర వెడల్పు సెంటీమీటర్లలో తెలియాలంటే అంగుళాలను 2.21తో, ఎత్తుకు 1.25తో గుణించండి. 24 అంగుళాలది 53 × 30, 32 అంగుళాలది 71 × 40. ఇది తెర ఒక్కటే. చుట్టూ ఉండే అంచుకు మరో రెండు మూడు సెంటీమీటర్లు వేసుకోవాలి.

గూడు వెడల్పును పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలవండి. మోటర్‌హోమ్ అల్మారాలు నిక్కచ్చి చదరంగా ఉండటం అరుదు. మూడింట్లో చిన్న కొలతే అసలు కొలత.

ఇక తేల్చుకోవాల్సింది కొత్త టీవీ గూడు లోపల కూర్చోవాలా, గూటిని కప్పేస్తూ ముందుకు రావాలా అన్నది. లోపల అయితే చిన్న తెరతో సరిపెట్టుకోవాలి, కానీ తల తగలదు, ప్రయాణంలో ఊగదు. ముందుకు వస్తే పెద్ద తెర పడుతుంది. అప్పుడు డ్రైవరు, పక్క సీటువాళ్లు లేచేటప్పుడు తల ఎక్కడికి వస్తుందో చూడాలి. ఎండ మరుగు పలక పూర్తిగా మడత పడుతుందా? ఆగినప్పుడు పక్కకు బయటికి జరిపి చోటు పెంచుకునే గది ఉన్న బండైతే ఆ గదిని మొత్తం లోపలికి లాగి, టీవీ రాబోయే చోటుకు ఎంత ఖాళీ మిగులుతుందో కొలవాలి. బయటికి తెరిచి ఉండగా కొలిచి, కదిలే ముందు లోపలికి లాగినప్పుడు తెర పగలగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

కరెంటు: 12 వోల్టులా, ఇన్వర్టరా?

మెయిన్స్‌తో, అంటే ఇంటి కరెంటుతో నడిచే టీవీ కొంటే, బయట కనెక్షను లేనప్పుడు ఇన్వర్టరు ఆన్‌లో ఉంచాలి. టీవీ ఆపేసినా ఇన్వర్టరు ఎంతో కొంత బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. ఎక్కువగా కరెంటు లేని చోట్ల మకాం వేసేవాళ్లకు 12 వోల్టుల టీవీయే మేలు.

అయితే 12 వోల్టుల టీవీలన్నీ ఒకటి కావు. బండి బ్యాటరీ కచ్చితంగా 12 వోల్టుల దగ్గర ఎప్పుడూ నిలవదు. నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకమూ ఛార్జింగూ లేనప్పుడు 12.6 చూపిస్తుంది, ఛార్జవుతున్నప్పుడు 14.4 దాటొచ్చు, బాగా వాడాక 12 లోపలికి దిగుతుంది. వాహనాల కోసం చేసిన టీవీ ఈ హెచ్చుతగ్గులు తట్టుకుంటుంది. ఇంట్లో వాడే టీవీ అడాప్టరు మీద ‘12 వోల్టులు’ అని ఉంది కదా అని దాన్ని తీసేసి నేరుగా బ్యాటరీకి కలిపితే, ఛార్జరు ఆన్ చేసిన రోజున బోర్డు కాలిపోయే ప్రమాదముంది. అలాంటి టీవీ వాడాలంటే మధ్యలో 12 వోల్టుల స్టెబిలైజర్ ఉండాలి. అది కూడా వోల్టేజి తగ్గినప్పుడు పెంచే, పెరిగినప్పుడు తగ్గించే రకం కావాలి.

వైరు మందం కూడా లెక్క వేసుకోండి. 36 వాట్ల టీవీ 12 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యూజు పెట్టె నుంచి 6 మీటర్ల దూరమైతే, వెళ్లి రావడానికి 12 మీటర్ల రాగి. 1.5 చదరపు మి.మీ. వైరులో దాదాపు 0.4 వోల్టు దారిలోనే పోతుంది, 2.5 వైరులో పావు వోల్టు. బ్యాటరీ తగ్గిన రాత్రి టీవీ దానంతటదే ఆరిపోవడానికి ఆ తేడా చాలు. అందుకే 2.5 వేయండి. ఫ్యూజు 5 ఆంపియర్లది, బ్యాటరీ వైపు చివరనే ఉండాలి.

పాతది దించడం

బయటి కరెంటు ప్లగ్గు లాగేయండి. ఇన్వర్టరు, జనరేటరు ఆపండి. జనరేటరుకు దానంతటదే స్టార్టయ్యే ఏర్పాటుంటే దాన్నీ ఆపాలి. 12 వోల్టుల లైనుకు ఫ్యూజు పీకేయండి. ఆ తర్వాత కూడా ఏ తీగ ముట్టుకోబోయినా ముందు మల్టీమీటరు పెట్టి చూడండి. తీగ రంగును నమ్మడానికి లేదు: కొన్ని దేశాల వైరింగులో నలుపు రంగు తీగ మెయిన్స్‌లో కరెంటుండేది, 12 వోల్టుల్లో నెగటివ్. ఒకే గూట్లో ఆ రెండు రకాల నల్ల తీగలూ పక్కపక్కనే ఉండొచ్చు.

1. చుట్టూ ఉన్న ఫ్రేము తీయండి. స్క్రూలు కనిపించకపోతే చిన్న ప్లాస్టిక్ మూతల కిందో, పక్క అల్మారా లోపలి గోడ మీదో, కింది అంచు అడుగునో ఉంటాయి. కొన్ని ఫ్రేములు కేవలం ఒత్తిడి క్లిప్పుల మీద నిలుస్తాయి. వాటిని ప్లాస్టిక్ పట్టీతో మూలల దగ్గర నుంచి కొద్దికొద్దిగా లేపాలి. స్క్రూడ్రైవరు దూరిస్తే పైనున్న పల్చటి రేకు పెచ్చులూడుతుంది.

2. లోపలికి టార్చి వేసి ఫోటోలు తీయండి. ఏ వైరు ఏ రంధ్రంలో ఉందో ఆ ఫోటోయే రేపు చెబుతుంది. ప్రతి వైరుకూ టేపు చుట్టి పేరు రాయండి.

3. టీవీని పట్టి ఉంచిన ఇనుప పట్టీ, ముందరి చెక్క అడ్డు, అడుగు స్క్రూలు వెతకండి. వీటిని విప్పేలోపే రెండో మనిషి వచ్చి టీవీని ముందు నుంచి పట్టుకుని ఉండాలి. పిక్చర్ ట్యూబు టీవీ బరువంతా ముందరి అద్దంలో ఉంటుంది. పైగా ఈ గూళ్లు చాలావరకు కిందికి వంచి ఉంటాయి. పట్టీ వదలగానే 30 కిలోల పెట్టె మీది మీదికి వస్తుంది.

4. వైర్లు అందేంత మేర ముందుకు జరిపి, వెనక చెయ్యి దూర్చి ప్లగ్గులు తీసి, తెర మీ ఛాతీకి ఆనేలా పట్టుకుని దించండి. కింద మడత పెట్టిన దుప్పటి మీద తెర నేలవైపు ఉండేలా పెట్టాలి. వెనక సన్నటి మెడ ఉన్న వైపు పెడితే పగులుతుంది.

ఈ పెట్టెను ఏ కారణంతోనూ విప్పొద్దు. కరెంటు తీసేసి చాలాసేపైనా ట్యూబులో వేల వోల్టుల ఛార్జి మిగిలి ఉండగలదు. దాని గాజులో సీసం ఉంటుంది కాబట్టి చెత్తబుట్టకు కాకుండా ఈ-వేస్టు తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.

వెనక చెక్క: అసలు పని ఇదే

30 కిలోలు మోసిన గూడు 5 కిలోల టీవీని మోయలేదా అనిపిస్తుంది. మోయలేకపోవచ్చు. పాత టీవీ అర మీద కూర్చునేది. స్క్రూలు అది జారకుండా ఆపేవంతే. కొత్తది గోడకు వేలాడుతుంది. మోటర్‌హోమ్ గోడలో పైకి కనిపించేది కొన్ని మిల్లీమీటర్ల పల్చటి ప్లైవుడ్, దాని వెనక ఫోమ్. అందులో చెక్క స్క్రూ బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, నాలుగు గుంతలు దాటేసరికి బెజ్జం పెద్దదవుతుంది. బయటికి లాగే చెయ్యి ఉన్న స్టాండైతే మరీ కష్టం. 5 కిలోల టీవీని 40 సెం.మీ. చెయ్యి చివర పెట్టి, గోడ ప్లేటు ఎత్తు 20 సెం.మీ. అనుకుంటే, బండి నిలబడి ఉండగానే పై స్క్రూల మీద 10 కిలోల లాగుడు పడుతుంది. కుదుపుల్లో అంతకు ఎన్నో రెట్లు.

కాబట్టి గూటికి రెండు పక్కలా 40 × 20 మి.మీ. చెక్క రీపర్లు నిలువుగా బిగించండి. గూటి పక్క చెక్క ఎంత మందమో ముందే చూసి, అవతలి అల్మారాలోకి మొన తేలని పొడవు స్క్రూలు వాడాలి. టీవీ, బ్రాకెట్, రీపర్ల మీద వచ్చే పలక మందాలు కలిపి ఎంతో అంత వెనక్కి రీపర్లు పెడితే తెర ఫ్రేముతో సమంగా వస్తుంది. వాటి మీద 12 మి.మీ. ప్లైవుడ్ పలక. బ్రాకెట్‌కు చెక్క స్క్రూలు కాకుండా, పలక వెనక టీ-నట్లు (చెక్కలోకి దిగే పళ్లున్న నట్లు) దిగ్గొట్టి ముందు నుంచి 6 మి.మీ. బోల్టులు వేయండి. పలకను రీపర్లకు కూడా ఇలాగే బోల్టులతో పెడితే, రేపు వైరు మార్చాలన్నప్పుడు విప్పి తీయొచ్చు. పలకలో వైర్ల కోసం 60 మి.మీ. రంధ్రం, గాలి ఆడటానికి పైనా కిందా ఖాళీ వదలండి.

టీవీని బ్రాకెట్‌కు

టీవీ వీపున నాలుగు రంధ్రాలుంటాయి. వాటి మధ్య దూరాన్ని వెసా కొలత అంటారు. చిన్నవాటికి సాధారణంగా 75 × 75 లేదా 100 × 100 మి.మీ., స్క్రూ 4 మి.మీ. మందం. ఇక్కడ జరిగే నష్టం పొడవైన స్క్రూ వల్ల. ఎక్కువ పొడవుంటే లోపలి ప్యానెల్‌కు గుచ్చుకుని తెర మీద మచ్చో గీతో పడుతుంది. టూత్‌పిక్ రంధ్రంలో పెట్టి, ఆగిన చోట గోరుతో గుర్తు పెట్టి లోతు కొలవండి. దానికి బ్రాకెట్, వాషరు మందం కలిపి, 1 మి.మీ. తీసేస్తే వచ్చేదే స్క్రూ పొడవు. చేత్తో తేలిగ్గా తిరగాలి, బలవంతం చేయొద్దు.

కుదుపులకు వదులవకుండా నైలాన్ నట్టు, లేదా మళ్లీ విప్పడానికి వీలున్న నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ మరలకు రాసే జిగురు) వాడండి. ఆ జిగురును టీవీ ప్లాస్టిక్‌కు తగలనివ్వొద్దు, పగుళ్లు తెస్తుంది.

ఎత్తులో ఉన్న టీవీని కింద కూర్చుని చూస్తే కొన్ని తెరలు వెలవెలబోతాయి. పై అంచు ముందుకు వచ్చేలా 5 నుంచి 15 డిగ్రీలు వంగే బ్రాకెట్ తీసుకోండి. కుదిరితే ఐపీఎస్ తెర ఎంచుకోండి, పక్కల నుంచీ కింది నుంచీ రంగు నిలుస్తుంది.

బొమ్మ రాకపోతే

చాలా బండ్లలో కప్పు మీది యాంటెన్నాకు బూస్టరు ఉంటుంది. దాని 12 వోల్టులు గోడలో ఉన్న చిన్న స్విచ్చు పలక నుంచి యాంటెన్నా కేబుల్ లోనుంచే పైకి వెళ్తాయి. స్విచ్చు ఆన్‌లో ఉందా చూడండి. పలకకూ యాంటెన్నాకూ మధ్య స్ప్లిట్టరు (ఒక కేబుల్‌ను రెండుగా చీల్చేది) పెట్టి ఉంటే ఆ కరెంటు ఆగిపోవచ్చు. కేబుల్ చివర కొత్తగా కనెక్టరు వేసినప్పుడు బయటి జాలీ పోగు ఒక్కటి మధ్య తీగకు తగిలినా షార్టయి ఫ్యూజు పోతుంది. ఊరు మారిన ప్రతిసారీ ఛానెళ్ల స్కాన్ మళ్లీ చేయాలి.

సౌండు మరో తలనొప్పి. కొత్త టీవీ స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి కాబట్టి గూట్లో మూగబోతాయి. బండిలో పాత ఆంప్లిఫయరు ఉంటే, దానికి ఎరుపు-తెలుపు పిన్నులే ఉంటాయి. టీవీకి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే దాని నుంచి ఒక వైరు చాలు. లేకపోతే టీవీ ఆప్టికల్ రంధ్రం (కాంతి రూపంలో సౌండు వచ్చేది) నుంచి ఆ పిన్నులకు మార్చే చిన్న కన్వర్టరు కావాలి.

ఫ్రేము మూసేముందు వైర్లకు ఒక చుట్టు వదులు ఉంచి, చెయ్యి ఉన్న స్టాండైతే దాన్ని పూర్తిగా తిప్పి ఎక్కడా లాగడం లేదని చూడండి. ప్రయాణంలో చెయ్యి లాక్ వేసి, మీద పట్టీ కూడా కట్టాలి. ఒకటి రెండు గంటలు నడిపాక ఆపి, ప్రతి బోల్టూ ఒకసారి తడిమి చూడండి. మొదటి ప్రయాణంలో కొత్త ప్లైవుడ్ కొంచెం నలిగి సర్దుకోవడం వల్ల కొంచెం బిగింపు మిగలొచ్చు.