ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటుకు దరఖాస్తు చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

తెలంగాణలో ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైటైన ఈపాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంటు కోరే విద్యార్థులు ముందుగా పదో తరగతి మెమోను, ఆధార్ కార్డును పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. మెమోలో పొడి అక్షరంగా ఉన్న ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా ఉన్నా, పుట్టిన తేదీలో ఒక్క అంకె మారినా దరఖాస్తు ఆగిపోవడానికి అది చాలు. సవరణకు సమయం పడుతుంది కనుక ఈ పని కౌన్సెలింగ్ నాటికే ముగించుకోవడం మేలు.

ఆదాయ ధ్రువపత్రం తహసీల్దారు జారీ చేసినదై, చెల్లుబాటులో ఉండాలి. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు.

సీటు ఎంచుకునేటప్పుడే లెక్క వేసుకోవాలి. కళాశాల నేరుగా భర్తీ చేసే యాజమాన్య కోటాకు ఈ పథకం వర్తించదు. వర్తింపజేస్తామనే మధ్యవర్తులను నమ్మవద్దు. కౌన్సెలింగ్ ద్వారా భర్తీ అయ్యే కన్వీనర్ కోటాలో చేరినా, ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు 10,000 దాటిన బీసీ విద్యార్థికి ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో సాధారణంగా ఏటా 35,000 రూపాయలే మంజూరవుతాయి, మిగిలిన ఫీజు ఇంటివారే కట్టుకోవాలి. ఈ సంగతి చాలామందికి చేరిన తరువాతే తెలుస్తోంది.

ఒకటికి మించి బ్యాంకు ఖాతాలున్నవారు ఆధార్‌తో చివరగా అనుసంధానమైనది ఏదో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే నేరుగా జమయ్యే సొమ్ము అందులోకే వెళుతుంది.

నిధులు ఆలస్యమయ్యాయని కళాశాల ముందే ఫీజు కట్టించుకుంటే, ఏ సంవత్సరానికి, ఏ పద్దు కింద తీసుకున్నారో రాసిన రసీదు తప్పక తీసుకోవాలి.