ఫ్రీ డిష్ మనమే బిగించుకోవడం ఎలా? ముందు కడ్డీ, ఆ తర్వాతే డిష్

మీ డాబా మీద వెదురుబొంగుకి ఇంకా ఆ పాత చేపముల్లు యాంటెన్నా వేలాడుతూ ఉంటే ముందు దాన్ని దించేయండి. దూరదర్శన్ పాత ట్రాన్స్‌మిటర్లని 2022 నాటికి దేశమంతటా దాదాపుగా మూసేశారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడది కాకులు వాలడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నెలనెలా ఎవరికీ డబ్బు కట్టకుండా టీవీ చూడాలంటే మనకున్న దారి డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది ఇదే. సప్తగిరి, యాదగిరి వస్తాయి. మిగతావాటిలో హిందీవి ఎక్కువ. ప్రైవేటు చానెళ్లు వేలంలో చోటు కొనుక్కుని వస్తుంటాయి, పోతుంటాయి. ఇవాళ వచ్చే చానెల్ వచ్చే ఏడాదీ వస్తుందని నేను మాటివ్వను. ప్రతి తెలుగు సీరియలూ కావాలనేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మా చుట్టాల ఇళ్లకీ, వాళ్ల చుట్టాల ఇళ్లకీ బిగించీ బిగించీ నాకు అర్థమైంది ఒక్కటే. పదిమందిలో తొమ్మిదిమంది ఈ పనిని తోక నుంచి మొదలుపెడతారు. డిష్ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు. తిప్పడం ఆఖరు పని.

సామాను

60 సెంటీమీటర్ల డిష్, దాని స్టాండు, యూనివర్సల్ ఎల్ఎన్‌బి (డిష్ ముందు కొసన ఉండి సిగ్నల్ పట్టే ముక్కు), టీవీకి తగిలించే ఎంపెగ్-4 బాక్సు, ఆర్‌జీ-6 కేబుల్, దాని కొసలకి తొడిగే ఎఫ్ కనెక్టర్లు. కనెక్టర్లు రెండు చాలు గానీ నాలుగు కొనండి, మొదటి రెండూ పాడుచేస్తారు. యాంకర్ బోల్టులు, పానాలు, రసమట్టం. రసమట్టం లేకపోతే దారానికి బరువైన నట్టు ఒకటి కట్టుకోండి, అంతకంటే నిజం చెప్పే పనిముట్టు లేదు. పీప్‌పీప్‌మని అరిచే ఫైండర్ మీటర్లు కొనొద్దు. ఏ ఉపగ్రహం కనబడినా అది ఒకేలా అరుస్తుంది.

ఎక్కడ పెట్టాలి

ఎత్తు మీద పెడితేనే సిగ్నల్ అనుకోవడం చేపముల్లు రోజుల అలవాటు. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం మనకి దాదాపు నెత్తి మీదే ఉన్నట్టు లెక్క, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తు. అందుకని డిష్ కంటే 10 మీటర్లు పొడవున్న కొబ్బరిచెట్టు ఎదురుగా ఉన్నా, దాని మట్టల అంచు నుంచి 5 మీటర్లు ఇవతలికి జరిగితే అడ్డు ఉండదు. పెరట్లో నేలమీద సిమెంటు దిమ్మ పోసి పెట్టినా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నా ఓటు ఎప్పుడూ కిందకే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం మనం. ఉద్దానంలో కొబ్బరిచెట్లే నిలవలేదు, రెండో అంతస్తు పిట్టగోడ మీద రేకు పళ్లెం నిలుస్తుందా?

చెట్టుకి కట్టొద్దు. కిటికీ ఊచలకి కట్టొద్దు. నీళ్ల ట్యాంకు మీద బరువు కోసం ఇటుకలు పేర్చి అసలే నిలబెట్టొద్దు. కాంక్రీటు మీద, యాంకర్ బోల్టులతో, అంతే.

ఇక్కడే అందరూ తప్పేది

స్టాండు బిగించాక దాని కడ్డీ నిట్టనిలువుగా ఉందో లేదో చూడాలి. కంటితో కాదు, రసమట్టంతో. ఒకవైపు చూసి వదిలేయకండి. దక్షిణం వైపు నుంచి ఒకసారి, తూర్పు వైపు నుంచి ఒకసారి చూడాలి. ఒకపక్క నుంచి నిటారుగా కనబడే కడ్డీ రెండోపక్క నుంచి చూస్తే తాటిచెట్టులా వాలి ఉంటుంది. వాలితే బోల్టు కింద వాషర్లు వేసి సరిచేయండి. ఇది పది నిమిషాల పని. చేయకపోతే సాయంత్రం దాకా డాబా మీదే.

ఎందుకింత పట్టుదల అంటారా? డిష్ వెనక బిగింపు మీద డిగ్రీల గీతలు ఉంటాయి. కడ్డీ నిలువుగా ఉంటేనే ఆ గీతలకి అర్థం. కడ్డీ 3 డిగ్రీలు వాలిందనుకోండి, మీరు 66 దగ్గర పెట్టినది నిజంలో 63 కావచ్చు, 69 కావచ్చు. పైగా వాలిన కడ్డీ మీద డిష్‌ని పక్కకి తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతూ ఉంటుంది. ఒకటి వెతుకుతుంటే రెండోది జారిపోతుంది.

60 సెంటీమీటర్ల డిష్‌కి చూపు వెడల్పు మొత్తం కలిపి 3 డిగ్రీలు. నడిమి నుంచి ఒకటిన్నర డిగ్రీ తప్పితే అందే సిగ్నల్ సగమే. ఒక డిగ్రీ అంటే ఎంత? డిష్ అంచు దగ్గర అర సెంటీమీటరు, కందిగింజంత. ఆ కందిగింజ ఎటు కదిలిందన్నదే అసలు సంగతి. ఉపగ్రహం అంత ఎత్తులో ఉంది కాబట్టి డిష్‌ని పక్కకి 1 డిగ్రీ తిప్పితే ఆకాశంలో దాని చూపు 0.4 డిగ్రీ మాత్రమే జరుగుతుంది. అదే పైకి 1 డిగ్రీ ఎత్తితే పూర్తి డిగ్రీ జరుగుతుంది. గొడుగు నెత్తి మీద పట్టుకుని కర్రని అరచేతుల్లో ఎంత తిప్పినా తడిసేది తడవకుండా ఉండదు, కర్ర కాస్త వంచితే మాత్రం భుజం తడిసిపోతుంది. ఇదీ అంతే. మన జిల్లాల్లో పక్క తిప్పుడు కాస్త తప్పినా క్షమిస్తుంది, ఎత్తు క్షమించదు. జనం మాత్రం ఎత్తు నట్లని ఆదిలోనే బిర్రుగా బిగించేసి, గంటలకొద్దీ పక్కకే తిప్పుతుంటారు.

సోంపేట దగ్గర మా బావమరిది ఇంట్లో నేనూ ఈ తప్పే చేశాను. స్టాండుని పిట్టగోడ పక్కకి బిగించాను, గోడ నిలువుగానే ఉంటుందిలే అనుకుని. నేను పైన, వాడు కింద టీవీ ముందు. "వచ్చిందా?" "నేదు బావా." కాస్త తిప్పితే, "ఒచ్చీసినాది!" చెయ్యి తీసేలోపు, "మరి పోనాది బావా." మూడు గంటలు ఇదే పాట. చివరికి మా అత్తగారు వడియాల గుడ్డ ఆరేయడానికి పైకొచ్చి, "గోడే వొంగిపోనాది కదా నాయినా, ఆ మేస్త్రీ కట్టినప్పుడే సెప్పినాను" అన్నారు. దారానికి నట్టు కట్టి వేలాడదీశాను. ఆవిడే రైటు, కింది కొసకీ పై కొసకీ బొటనవేలంత తేడా.

ఇంకో మోసం డిష్ ముఖంలో ఉంది. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు. ముఖం చూస్తున్న వైపు కంటే అసలు చూపు సుమారు 25 డిగ్రీలు పైకి ఉంటుంది. అందుకే 66 దగ్గర సరిగ్గా పెట్టిన డిష్ చూడ్డానికి మరీ వంగినట్టు, ఏదో ఎదురింటి డాబా పైనున్న ఆకాశంకేసి చూస్తున్నట్టు అనిపిస్తుంది. అది సరైన వాలే. "ఉపగ్రహం పైనుంది కదా" అని దాన్ని మరీ వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు కనబడితే నాకు చేతులు దురదపెడతాయి. వాన నీళ్లు పట్టుకోవడానికి తొట్టెలున్నాయి.

ఇప్పుడు వెతకండి

కడ్డీ నిలువు, గీత 66. ఎత్తు నట్లు జారకుండా ఉండేంత బిగించండి, అంతకంటే వద్దు. దిక్కు, దిక్సూచిలో ఉత్తరం నుంచి లెక్కపెడితే, శ్రీకాకుళంలో 152 డిగ్రీలు, విజయనగరంలో 150, ఇచ్ఛాపురం వైపు 155. అంటే నేరు దక్షిణం నుంచి తూర్పుకి 25 నుంచి 30 డిగ్రీలు. ఆగ్నేయం దాకా పోనక్కర్లేదు, వంటింటి మూల వైపు తిప్పారంటే దాటిపోయినట్టే. ఫోన్లో దిక్సూచి చూసుకోవచ్చు గానీ కడ్డీ పక్కన నిలబడి చూడకండి, ఇనుము దగ్గర అది అబద్ధం చెబుతుంది. నాలుగైదు అడుగులు ఇవతలికి వచ్చి చూసి, ఆ దిక్కున దూరంగా కనబడే ఏ సెల్ టవరునో, గుడి గోపురాన్నో గుర్తు పెట్టుకోండి.

పక్కింటి డిష్ చూసి పెట్టొద్దు. టాటా ప్లే ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, మనకది దాదాపు నేరు దక్షిణం. ఎయిర్‌టెల్‌ది 108, ఆగ్నేయం కూడా దాటి తూర్పుకి చూస్తుంది. మనది 93.5, ఈ రెండిటికీ మధ్య.

బాక్సు మెనూలో ఎల్ఎన్‌బిని యూనివర్సల్, 9750/10600 అని పెట్టి, ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 ఎంచుకోండి. తెర మీద రెండు పట్టీలు కనిపిస్తాయి. స్ట్రెంగ్త్ పట్టీని నమ్మొద్దు. కేబుల్ తగిలించగానే అదెంతో కొంత చూపిస్తుంది, దాన్ని చూసి కేకలు పెట్టొద్దు. క్వాలిటీ ఒక్కటే లెక్క.

డిష్‌ని పక్కకి కందిగింజంత తిప్పండి, ఆగండి. మనసులో మూడు లెక్కపెట్టండి. బాక్సుకి ఆలోచించుకోవడానికి ఆ మాత్రం టైము కావాలి. గబగబా తిప్పేవాళ్లు సిగ్నల్‌ని దాటేసి పోతారు, అది తెర మీదకొచ్చేసరికి చెయ్యి ఇంకోచోట ఉంటుంది. గుర్తు పెట్టుకున్న దిక్కుకి అటు పది డిగ్రీలు, ఇటు పది డిగ్రీలు వెతికినా క్వాలిటీ లేవకపోతే, తిప్పడం ఆపి ఎత్తుని 1 డిగ్రీ పెంచి మళ్లీ అదే వరుస. తర్వాత 1 డిగ్రీ తగ్గించి ఒకసారి. కడ్డీ నిలువుగా ఉంటే ఈ మూడు వరుసల్లో దొరికి తీరాలి.

క్వాలిటీ వచ్చి, సెర్చ్ చేస్తే డీడీ చానెళ్లు రాలేదంటే పక్క ఉపగ్రహాన్ని పట్టుకున్నారన్నమాట. 95 డిగ్రీల దగ్గర ఇంకొకటి ఉంది, మనదానికీ దానికీ దూరం ఒకటిన్నర డిగ్రీ. కొంచెం దక్షిణం వైపు జరగండి.

దొరకగానే బిగించేయకండి. ముందు ఎత్తు పైకి జరుపుతూ క్వాలిటీ పడిపోయే చోటు చూడండి, కిందికి జరుపుతూ పడిపోయే చోటు చూడండి, రెండిటికీ నడిమిన ఆపండి. దిక్కుకీ అలాగే. తర్వాత ఎల్ఎన్‌బిని దాని పట్టులోనే అటూ ఇటూ తిప్పి క్వాలిటీ ఎక్కువున్న చోట ఉంచండి. మన దగ్గర అది నిలువు నుంచి సుమారు 27 డిగ్రీలు వాలుతుంది, గడియారంలో ఒక గంట గీతకి కాస్త తక్కువ. ఎండ కాసే రోజున బొమ్మ వస్తే చాల్లే అని వదిలేసినవాళ్లే ఆషాఢం వానకి తెర మీద గళ్లు పడుతున్నాయని ఫోన్ చేస్తారు.

నట్లు బిగించేటప్పుడు ఒక్కొక్కటీ సగం చుట్టు, ఒకటి మార్చి ఒకటి, మధ్యమధ్య క్వాలిటీ చూసుకుంటూ. ఒక పక్క నట్టుని పూర్తిగా బిగిస్తే డిష్ ఆ కందిగింజంతా అటు గుంజుకుపోతుంది, ఇప్పటిదాకా పడ్డ కష్టం గంగపాలు.

మిగతాది

కేబుల్ విప్పేటప్పుడూ తగిలించేటప్పుడూ బాక్సు ఆపేయండి. కనెక్టర్‌లో నడిమి రాగి తీగకి, కేబుల్ పై జల్లెడలోని వెంట్రుకంత తీగ ఒక్కటి కూడా తగలకూడదు. ఎల్ఎన్‌బి దగ్గర కేబుల్ కిందికి ఒక వంపు తిరిగి రావాలి, నీళ్లు అక్కడ కారిపోతాయి. కనెక్టర్ మీద సైకిల్ ట్యూబు ముక్క తొడిగి కట్టేయండి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి నట్లు ఏడాదిలో తుప్పు పట్టేస్తాయి, కాస్త గ్రీజు రాయండి.

చివరగా పెయింటు గానీ, ఇంట్లో గోళ్లరంగు ఉంటే అది గానీ తెచ్చి, కడ్డీకీ బిగింపుకీ కలిపి ఒక గీత, ఎత్తు గీతల దగ్గర ఇంకో గీత గీయండి. తుపాను హెచ్చరిక రాగానే డిష్ విప్పి మంచం కింద పెట్టేసుకోవచ్చు. గాలి తగ్గాక గీతకి గీత కలిపితే పది నిమిషాల్లో వార్తలు వస్తాయి.