టైరు విప్పకుండా రిమ్ముకు వెల్డింగు వద్దు: పాత ట్రాక్టర్లు బాగు చేయించేవారికి జాగ్రత్తలు

గత నెల పర్లాకిమిడి దగ్గర ఒక వెల్డింగు షెడ్డులో పాత ట్రాక్టరు వెనుక టైరు పేలి, దాని మీదికి వంగి పని చేస్తున్న కుర్రవాడి రెండు మణికట్లూ విరిగాయి; ఒక చెవి ఇప్పటికీ వినబడటం లేదు. తండ్రి నాటి మహీంద్రా బి-275ను దమ్ముల వేళకు పొలంలోకి దించాలని యజమాని తొందరపడ్డాడు. టైరులో గాలి ముందే తీసేశామని అక్కడున్నవారంతా చెబుతున్నారు. నేను వారి మాట నమ్ముతున్నాను, ఎందుకంటే గాలి తీసిన టైరు కూడా పేలుతుంది.

మన వైపు బురద పొలాల్లో చక్రం జారకుండా ట్యూబులో ముప్పావు వంతు నీరు నింపుతారు. ఏళ్ల తరబడి ఆ నీరు కొద్దికొద్దిగా కారి, వాల్వు రంధ్రం చుట్టూ రిమ్మును తుప్పు తినేస్తుంది. అక్కడ అతుకు వేయిస్తే సరిపోతుందనుకుని చాలామంది చక్రాన్ని ఉన్నదున్నట్టు షెడ్డుకు దొర్లించుకుపోతారు. ఇనుము వేడెక్కగానే లోపలి రబ్బరు మాడి, మండే వాయువులుగా మారుతుంది. అవి లోపలి గాలితో కలిసి అంటుకుంటే వచ్చే ఒత్తిడిని ఏ టైరూ తట్టుకోలేదు. వాల్వు పిన్ను తీసినా ఆ చిన్న రంధ్రం గుండా అంత వాయువు బయటికి పోలేదు. మంట ఆర్పిన కొన్ని గంటల తర్వాత పేలినవీ ఉన్నాయి. కాబట్టి టైరు, ట్యూబు రెండూ విప్పి, రిమ్ము ఒక్కటే నేల మీద ఉన్నప్పుడే వెల్డింగు చేయించాలి. గ్యాసు కట్టరుకూ, బిగుసుకుపోయిన నట్టును వేడి చేయడానికీ ఇదే నియమం.

టైరు కొనేటప్పుడు పాత టైరు మీది కొలత చదవండి. పూర్వం 11-28 అని రాసినదే ఇప్పుడు 12.4-28గా, 12-28 అన్నది 13.6-28గా దొరుకుతుంది. టైరు పక్క గోడ మీది నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. బటన్లు (నేలను పట్టే గుబ్బలు) నిండుగా ఉన్నాయన్న సంబరంలో పక్క గోడల చీలికలను చూడనివారే ఎక్కువ.

కొత్త టైరులో పాత ట్యూబు పెట్టకండి. రిమ్ములో కూర్చునే టైరు అంచుకు సబ్బు నీళ్లే రాయండి. గ్రీజు, డీజిలు రబ్బరును తినేస్తాయి. నలుపు తేలాలని కాలిన ఇంజనాయిలు పూయడమూ అంతే. బాణం గుర్తు ముందుకు తిరిగే దిక్కుకు ఉండాలి. రెండు వెనుక టైర్లూ ఒకే కొలతవి వేయండి. అంచు కూర్చోకపోతే గాలి ఒత్తిడిని చదరపు అంగుళానికి 35 పౌండ్లు దాటించకండి; గాలి తీసి, మళ్లీ సబ్బు నీళ్లు రాసి, మొదటి నుంచి గాలి పట్టండి. గాలి పట్టడానికి పొడవాటి పైపు వాడండి. పక్క గోడకు ఎదురుగా నిలబడకండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, ఇరుసు కింద దుంగలు పెట్టండి. పిల్లలను దూరంగా పంపండి. నట్లను మొదటి రోజు పని కాగానే మళ్లీ బిగించండి. రిమ్ముకు టైరు ఉండగా వెల్డింగు వద్దు. నీరు నిండి ఉన్నా వద్దు. గాలి లేకపోయినా వద్దు. ‘ఐదు నిమిషాల పనికి టైరు విప్పాలా’ అని షెడ్డువాడు అంటే, చక్రాన్ని అక్కడి నుంచి వెనక్కి తెచ్చేసుకోండి.